నాలుగు బొమ్మలకి వేరే నీళ్ళు

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. మా నాన్న హోటళ్ళకి కావిడితో నీళ్ళు పోసేవాడు. ఆయన నడుం పడిపోయాక ఆ కావిడి నా భుజం మీదకి వచ్చింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. బడిగంట కొట్టే వేళకి నేను బావి దగ్గర వరసలో ఉండేదాన్ని. తర్వాత పెళ్ళి, ఆ తర్వాత స్టూడియోలో పని. యాభై దాటాక మా వీధిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళ బడి పెడితే మోకాళ్ళ నొప్పులతోనే వెళ్ళి పలక పట్టుకున్నాను. ఇప్పుడు నెమ్మదిగా రాస్తాను. ఒత్తులు తప్పుతుంటాయి, మనవరాలు దిద్దుతుంది. మాటలు మాత్రం నావే.

నేను చెప్పబోయేది డెబ్బై తొమ్మిదో సంవత్సరం వేసవిలో జరిగింది. జగ్గయ్యపేటలో సాంబశివరావుగారి ఫోటో స్టూడియోలో అప్పటికి పదేళ్ళుగా చేస్తున్నాను. మొదట నీళ్ళు పోయడానికే చేరాను. ఫోటో పనికి కెమెరా ఒక్కటే ఉంటే చాలదు, బిందెలకి బిందెలు నీళ్ళు కావాలి. నీళ్ళు పోస్తూ పోస్తూ ప్రింట్లు జాడించడం నేర్చుకున్నాను. ప్రింట్లు జాడిస్తూ డార్క్ రూమ్‌లోకి వచ్చాను. కిటికీ లేని ఆ గదిలో ఉక్కకి అయ్యగారు పది నిమిషాలు ఉండలేకపోయేవారు. మూడేళ్ళు తిరిగేసరికి ఫిల్ము కడిగే పనంతా నా చేతికే వచ్చింది.

ఇప్పటివాళ్ళు ఈ పని చూసి ఉండరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఫిల్ము మీద వెలుగు పడగానే బొమ్మ పడుతుంది గానీ అది కంటికి ఆనదు. దాన్ని పైకి తెచ్చే మందు పేరు డెవలపర్. మా దగ్గర రెండు రకాలు ఉండేవి. ప్రింటు కాగితాలకి వాడేది పేపర్ డెవలపర్, అది ఘాటు మందు, పని తొందరగా అయిపోతుంది. ఇంకోటి బోరాక్స్, అంటే వెలిగారం, వేసి కలిపే ఫిల్ము డెవలపర్, అది నిదానం. సీసాల మీద అయ్యగారు ఇంగ్లీషులో కాగితాలు అంటించారు గానీ నాకు వాటితో పని లేదు. పేపర్ మందులో వేలు పెడితే సబ్బునీళ్ళలా జారుతుంది. బోరాక్స్ మందు అంత జారదు. చీకట్లో కూడా తేడా తెలిసేది.

ఏ మందు అన్నది ఎంత ముఖ్యమో అందులో ఎన్ని నీళ్ళు పోస్తామన్నదీ అంతే ముఖ్యం. దాన్ని డైల్యూషన్ అంటారు. మందు చిక్కగా ఉంటే ఫోటోలో తెలుపు మరీ తెల్లగా, నలుపు మరీ నల్లగా వస్తుంది, మధ్య ఛాయలు పోతాయి. పల్చగా కలిపి, ఎక్కువ కదపకుండా, చాలాసేపు ఉంచితే వేరే సంగతి. వెలుగు బాగా పడ్డ చోట మందు సత్తువ తొందరగా అయిపోయి పని అక్కడితో ఆగిపోతుంది. నీడగా ఉన్న చోట మాత్రం సత్తువ మిగిలి ఉండి నెమ్మదిగా పని సాగుతూనే ఉంటుంది. అందుకని తెల్లగా ఉన్నవి మాడిపోకుండానే నీడలో ఉన్నవీ కనపడతాయి.

మా స్టూడియోకి ఉన్న పేరంతా ఘాటు మందుదే. సాంబశివరావుగారు తీస్తే ఎవరైనా తెల్లగా ఉంటారని చెప్పుకునేవాళ్ళు. అద్దం ముందు పౌడరు డబ్బా ఎలాగూ ఉండేది. అది చాలక, ఫిల్ముని కూడా పేపర్ డెవలపర్‌లోనే వేసి, ఒక పాలుకి రెండు పాళ్ళు నీళ్ళు కలిపి, నాలుగు నిమిషాల్లో తీసేసేవాళ్ళం. మశూచి గుంటలు, మంగు మచ్చలు అన్నీ ముఖం తెల్లదనంలో కలిసిపోయేవి. పెళ్ళిచూపుల ఫోటోలకి నందిగామలో రెండు స్టూడియోలు దాటుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఒక్కసారి మాత్రం తేడా జరిగింది. అయ్యగారు నందిగామ పెళ్ళికి వెళ్ళినప్పుడు పేపర్ మందు అయిపోయింది. బోరాక్స్ మందు అడుగున కొంచెమే ఉంటే మూడు పాళ్ళు నీళ్ళు పోసి, అందులోనే ఫిల్ము వేసి చాలాసేపు ఉంచాను. అది సున్నం బట్టీలో పనిచేసే ఒక జంట ఫోటో. అయ్యగారు వచ్చి ప్రింటు చూసి, "ఇదేంటే, మనిషిని ఇంత నల్లగా దింపావు?" అని కేకలేశారు. ఆ బట్టీ ఆయన భార్య మాత్రం ఫోటో చేతిలోకి తీసుకుని, "అమ్మయ్య, ఇన్నాళ్ళకి మా ఆయన మా ఆయనలా ఉన్నాడు," అని నవ్వింది. చొక్కా మడతలు, కళ్ళ కింద గీతలు, చెవి మీద గాటు, అన్నీ ఉన్నాయి అందులో. ఆ కలిపిన లెక్క నేను మర్చిపోలేదు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున్నే జోసెఫ్ మాస్టారు స్టూడియోకి వచ్చారు. ఆయన వేదాద్రి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో బడిపంతులు. ఊరి పేరు రాయను. అయ్యగారి అబ్బాయికి చిన్నప్పుడు చదువు చెప్పింది ఆయనే. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"మా తమ్ముడి భార్య కరుణమ్మ అని ఉంది సాంబశివరావుగారూ. వాడు లారీ మీద కలకత్తా వెళ్ళాడు. మొన్న శుక్రవారం దీని మేకలు రెండు రంగయ్యగారి పత్తిచేలో పడ్డాయి. ఆయన చెర్నాకోలతో కొట్టాడు."

"మేకల్నా?"

"మేకల్ని కాదండీ."

అయ్యగారు పౌడరు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టారు. స్టేషన్‌లో తోపులాట అని రాసుకున్నారని, డాక్టరు చీటీలో పైపైన గీతలు అని ఉందని మాస్టారు చెప్పారు. నందిగామలో ప్లీడరు గురువారం కోర్టులో కాగితాలు వేస్తానన్నాడు. కానీ మాటలతో పని జరగదు, మచ్చలు పోకముందే ఫోటో తీయించుకు రమ్మన్నాడు. అప్పటికే అయిదో రోజు.

రంగయ్యగారి కుటుంబం మా స్టూడియోకి పెద్ద ఖాతా. వాళ్ళింట్లో పెళ్ళయినా, బారసాలయినా కెమెరా మాదే. అయినా అయ్యగారు, "మీరడిగాక కాదనలేను మాస్టారూ," అని, నాతో, "నువ్వూ రా రత్తమ్మా. ఆడమనిషి ఉండాలి," అన్నారు.

మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఇంట్లో చీకటిగా ఉందని, పెరట్లో సున్నం కొట్టిన గోడ దగ్గర నిలబెట్టారు. వీధిలోంచి కనపడకుండా నేను తెల్ల దుప్పటి అడ్డం పట్టుకున్నాను. కరుణమ్మకి ముప్ఫై ఉంటాయి. గోడవైపు తిరిగి, రవిక తీసి, చీర ముందుకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి మెడ తిప్పి నన్ను చూసింది.

"అక్కా, ఒక్కసారే. సరిగ్గా రాలేదు మళ్ళీ తియ్యాలంటే నావల్ల కాదు. చచ్చినా చూపించను."

"ఒక్కసారే," అన్నాను.

ఆ వీపు నేను దగ్గరగా చూశాను. ఆమె చామనఛాయ కూడా కాదు, మంచి నలుపు. భుజం దగ్గర్నుంచి నడుం దాకా ఏటవాలుగా చారలున్నాయి. కొన్ని ఉబ్బి ఉన్నాయి, కొన్ని ఎండి పొట్టు కట్టాయి. చారల చివర్న కోల ముడి తగిలిన చోట గుండ్రంగా చిట్లి ఉంది. కళ్ళతో చూస్తే దాచడానికి వీల్లేనంత స్పష్టంగా ఉన్నాయి. కెమెరాలో ఉన్నది పన్నెండు బొమ్మల ఫిల్ము. ఎనిమిది అప్పటికే స్టూడియోలో వేరేవాళ్ళవి తీసేశారు. మిగిలిన నాలుగూ ఇక్కడ తీశారు. ఆ తెల్లగోడ, ఆ ఎండ చూసి అయ్యగారు అలవాటు కొద్దీ కెమెరా కన్ను బాగా చిన్నది చేయడం నేను గమనించాను. గోడకి అది సరిపోతుంది. నల్లటి వీపుకి సరిపోదు, ఫిల్ము మీద అది నీడలో పడిపోతుంది. అప్పుడు నోరు తెరిచి చెప్పలేకపోయాను. క్లిక్కు క్లిక్కుకీ అయ్యగారు తల పక్కకి తిప్పుకునే ఫిల్ము తిప్పారు. ఆయనకీ ఇబ్బందిగానే ఉంది.

బస్సు దిగి, ఎండాకాలం రోజూ చేసినట్టే సోడా కొట్లో ఐసుముక్క గోనెగుడ్డలో చుట్టించుకుని స్టూడియోకి వచ్చేసరికి మూడయింది. బెంచీ మీద రంగయ్యగారు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. మా కంటే ముందే వచ్చేశారు, ఆయనకి మోటారు సైకిలు ఉంది.

"ఏం సాంబయ్యా, మా ఊరొచ్చి మా ఇంటికి రాకుండా పోతావా? మజ్జిగన్నా తాగేవాడివి కదయ్యా."

"పనిమీద వచ్చానండి," అన్నారు అయ్యగారు.

"ఏం పనో తెలుసులే. భయపడకు, ఫిల్ము లాక్కుపోడానికి రాలేదు. కడుగు. నేనూ చూద్దామని కూర్చున్నా. అందులో ఏమన్నా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. లేదంటే హాయిగా ఇంటికి పోతా. మా చిన్నమ్మాయి పెళ్ళి వైశాఖంలో, మర్చిపోలేదుగా?"

"లేదండి."

అయ్యగారు ఫిల్ము చుట్ట నా చేతిలో పెట్టారు. నా ముఖం చూడలేదు. "రత్తమ్మా, ఎప్పటిలాగే కడిగెయ్," అన్నారు.

ఎవరూ ఫిల్ము చెడగొట్టక్కర్లేదు, కాల్చక్కర్లేదు. ఎప్పటిలా కడిగితే చాలు. ఘాటు మందులో నాలుగు నిమిషాల్లో గోడ తెల్లగా మండిపోతుంది. వీపు నల్లటి ముద్దలా మిగిలిపోతుంది. చారలు ఉండవు. అదేమంటే, ఫోటో అలాగే వచ్చిందండీ అంటారు. అందులో అబద్ధం కూడా ఉండదు. అయ్యగారికి ఆ సంగతి తెలుసు. నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసు.

లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టాను. దీపం ఉండగానే కుండనీళ్ళతో మూడు పళ్ళేలు సిద్ధం చేశాను. ఒకదాంట్లో పేపర్ మందు, ఎప్పుడూ కలిపేట్టే. రెండోదాంట్లో బోరాక్స్ మందు ఒక గ్లాసు, నీళ్ళు మూడు గ్లాసులు. దాన్ని పెద్ద బేసిన్లో పెట్టి చుట్టూ ఐసు సర్దాను. మూడోది హైపో. అంటే బొమ్మ వచ్చాక దాన్ని నిలబెట్టే మందు. అందులో పటిక వేస్తాం, ఫిల్ము మీది పూత గట్టిపడటానికి. ఆ పూతే ఎమల్షన్. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే అది మెత్తబడి మీగడలా జారిపోతుంది. నాలుగు నిమిషాలంటే భయం లేదు. ఇరవై నిమిషాలకి పైగా ఉంచాలంటేనే భయం.

ఇంకో చిక్కు ఉంది. ఫిల్ములో ముందు ఎనిమిది బొమ్మలు డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళవి. వాళ్ళకి తెల్లటి ముఖాలు కావాలి. ఒకే ఫిల్ము, ఒకే మందులో మునుగుతుంది. అందుకని దీపం ఆర్పి, ఫిల్ముని చీకట్లో కత్తిరించాలనుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆ పని చేయలేదు.

ఫిల్ముతో కలిపి చుట్టి ఉండే కాగితం విప్పుతుంటే ఫిల్ము ఆఖరి కొస ముందు చేతికొస్తుంది. కరుణమ్మవి ఆఖరి నాలుగే. ఒక్కో బొమ్మ ఎంతుంటుందో నా వేళ్ళకి తెలుసు. కొసన వదిలేసే ఖాళీ మూడు వేళ్ళు, ఆ మీద జానెడు, ఆ పైన నాలుగు వేళ్ళు. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఉండే సందు గోరంత కూడా ఉండదు. ఇటు తప్పితే కరుణమ్మ వీపు తెగుతుంది, అటు తప్పితే ఇంకొకరి ముఖం తెగుతుంది. ఏడూ ఎనిమిదీ ఒకే అమ్మాయివి, రెండు ఫోజులు. ఎనిమిదోది పోయినా ఏడోది ఉంటుంది. అందుకని ఇంకో అరవేలు అటు జరిపి కత్తెర వేశాను.

నాలుగు బొమ్మల ముక్కని నల్లగుడ్డలో చుట్టి పక్కన పెట్టి, ముందు ఎనిమిదింటినీ ఎప్పటిలా కడిగాను. నాకు గడియారంలో నిమిషాలు చూడటం అలవాటు లేదు. నోట్లో లెక్కపెట్టుకుంటూ, వంద అయినప్పుడల్లా కాళ్ళ దగ్గర పెట్టుకున్న గులకరాళ్ళలో ఒకదాన్ని బొటనవేలితో పక్కకి నెట్టేదాన్ని. ఎప్పటి పనికి నాలుగు రాళ్ళు. అది అయ్యాక ఆ ముక్కని హైపోలో వేసి, కరుణమ్మ ముక్క తీసుకుని పల్చటి మందులో ముంచాను. రెండు కొసలూ పట్టుకుని, ఉయ్యాలలా ఊపకుండా, వందకి ఒక్కసారి మాత్రం నెమ్మదిగా లాగుతూ కూర్చున్నాను.

అయిదో రాయి దగ్గర తలుపు చప్పుడైంది.

"రత్తమ్మా, అయిందా?" అయ్యగారి గొంతు.

"సగం అయిందండి."

"సగమేంటి?"

లెక్క తప్పకుండా ఫిల్ముని ఒకసారి నెమ్మదిగా లాగాను. సగం అంటే ఏంటో ఆయనకి అర్థమైపోయిందని నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి. తలుపు తియ్యమని ఆయన అంటే నేను తియ్యాలి, తీస్తే వెలుగు పడి ఫిల్ము పోతుంది. గడియ నా వైపు ఉంది గానీ ఆ స్టూడియో ఆయనది.

"ఏంటయ్యా ఇంతసేపు?" రంగయ్యగారు బెంచీ మీదనుంచే అడుగుతున్నారు. "ఎప్పుడూ చిటికెలో తెచ్చిస్తావుగా?"

అయ్యగారు అన్నారు: "ఎండకి నీళ్ళు వేడెక్కాయటండి. చల్లబెట్టుకుంటోంది. వేడినీళ్ళలో వేస్తే పూత ఊడిపోద్ది."

"ఆడదానికి పని అప్పజెప్తే ఇంతే. పప్పు ఉడకేసినట్టు కూర్చుంటది."

"అంతేనండి," అన్నారు అయ్యగారు. ఆయన చెప్పులు తలుపు దగ్గర్నుంచి దూరంగా వెళ్ళాయి.

చెమట మోచేతి మీదుగా పళ్ళెంలోకి కారుతుంటే చేతులు పైకెత్తి భుజానికి తుడుచుకున్నాను. ఐసు కరిగి గోనెగుడ్డ ఒక్కటే తేలుతోంది. పన్నెండో రాయికి ఆకుపచ్చ దీపం వేశాను. ఆ దీపం నిప్పురవ్వంత వెలుగు కూడా ఇవ్వదు. అయినా ఫిల్ము ముందు రెండు క్షణాలకి మించి ఉంచకూడదు. గోడ ఉన్న చోట నల్లబడింది. వీపు ఉన్న చోట మీగడ రంగు, ఇంకేం లేదు. దీపం ఆర్పేశాను. నీళ్ళు ఎక్కువ పోశానేమో, మందు చచ్చిపోయిందేమో అనిపించింది. ఇంకొంచెం మందు పోస్తే గోడ మాడుతుంది. ఇంకొంచెంసేపు ఉంచితే పూత జారుతుందేమో. ఆమె మళ్ళీ రవిక విప్పదు. ఇదొక్కటే ఉంది.

పద్దెనిమిదో రాయి దగ్గర ఫిల్ము అంచు వేలికి మెత్తగా తగిలింది. గోరు తగలకుండా వేళ్ళు ఇంకా అంచుకి జరుపుకున్నాను. కుండలో మిగిలిన చల్లనీళ్ళు బేసిన్లో పోశాను. ఇరవై రెండో రాయికి మళ్ళీ దీపం వేశాను. మీగడలో వెంట్రుకలు పడ్డట్టు సన్నగా బూడిదరంగు గీతలు. నా కళ్ళు చెదిరాయేమో అనుకున్నాను. ఇంకో రెండు రాళ్ళు నెట్టి, ఫిల్ము తీసి, మందు పని ఆపడానికి పక్కన ఉంచుకున్న పులుపు నీళ్ళలో ముంచి, హైపోలో వేశాను. ఆ తర్వాత మామూలు బల్బు వేసి చూస్తే కత్తెర సరిగ్గా ఎనిమిదో బొమ్మలో అమ్మాయి చెవిని తాకుతూ వెళ్ళింది. కరుణమ్మవి నాలుగూ నిండుగా ఉన్నాయి.

తలుపు తీశాను. ఆ నాలుగు బొమ్మల తడి ఫిల్ము అంచులు పట్టుకుని బయటికి తెచ్చాను. రంగయ్యగారు లేచి, "ఏదీ, ఇటు తే," అని కిటికీ వెలుగులోకి జరిగారు. నేను చేతికి ఇవ్వలేదు, పట్టుకునే చూపించాను. నెగటివ్‌లో అన్నీ తిరగబడి ఉంటాయి. తెల్లగోడ నల్లగా ఉంటుంది, నల్లటి మనిషి గాజులా తెల్లగా ఉంటుంది. ఆ గాజులో సన్నటి బూడిద గీతలు అలవాటు లేని కంటికి గీతల్లా కనపడవు.

ఆయన ముందు అటు చూశారు, ఇటు చూశారు. తర్వాత పెద్దగా నవ్వారు.

"గోడేమో బొగ్గయింది, మనిషేమో దయ్యంలా తెల్లగా ఉంది. ఏముందయ్యా ఇందులో? దీనికా నువ్వు ఎండలో పడి మా ఊరు వచ్చావు?"

అయ్యగారు ఫిల్ము వైపు ఒక్కసారే చూశారు. "మీరు చూశారుగా," అన్నారు.

"చూశాలే. పెళ్ళికి మాత్రం కొత్త ఫిల్ము తెచ్చుకో. ఇట్టాంటివి తీశావో, మా వియ్యంకుడు నిన్ను బావిలో వేస్తాడు." మోటారు సైకిలు చప్పుడు బజారు చివరిదాకా వినపడింది.

అయ్యగారు ఫిల్ము ఆరేసిన తీగ దగ్గర నిలబడి భూతద్దంతో ఒక్కో బొమ్మా చూశారు.

"నేనేం చెప్పాను?"

"ఎప్పటిలా కడగమన్నారు."

"మరి?"

"ఎనిమిది ఎప్పటిలానే కడిగానండి. ఈ నాలుగూ అట్టా కడిగితే పోయేవి. దుప్పటి పట్టుకుని నిలబడింది నేను. ఏమీ రాలేదమ్మా అని ఆమెకి చెప్పాల్సింది కూడా నేనే."

ఆయన భూతద్దం జేబులో వేసుకున్నారు. తిడతారనుకున్నాను. "ఆరాక సాఫ్ట్ పేపర్ మీద వెయ్యి," అన్నారు. "నలుపూ తెలుపూ విడగొట్టే హార్డ్ పేపర్ వాడితే ఇంత కష్టపడీ మళ్ళీ మొదటికొస్తుంది. గోడ పడ్డ అంచులకి వెలుగు కొంచెం ఎక్కువసేపు ఇవ్వు." కండువా దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయారు. అది ఆయన ఒప్పుకోవడం. అంతకంటే ఆయన నోటితో చెప్పలేదు, నేనూ అడగలేదు. దీపాలు పెట్టేవేళకి రెండు పెద్ద ప్రింట్లు వేసి అద్దం మీద ఆరబెట్టాను.

కోర్టు సంగతి కూడా చెప్పాలి. వాయిదాల మీద వాయిదాలు పడి వానాకాలంలో విచారణకి వచ్చింది. ఫోటో తీసినవాడు వచ్చి నేనే తీశానని చెప్తేనే ఫోటో చెల్లుతుంది. అయ్యగారు నందిగామ వెళ్ళి బోనెక్కారు. నెగటివ్ మీద పెన్సిల్‌తో గీతలు గీయొచ్చు కదా అని అవతలి ప్లీడరు అడిగాడట. మేం నిజంగానే ముఖాలు దిద్దడానికి పెన్సిల్ వాడేవాళ్ళం. "గీయొచ్చండి. గీస్తే వెలుగులో ఏటవాలుగా పట్టుకున్నప్పుడు ఆ చోట మెరుపు చచ్చిపోద్ది. పట్టుకుని చూడండి," అని నెగటివ్ ఆ ప్లీడరు చేతికే ఇచ్చారట. రంగయ్యగారికి జరిమానా పడింది. కొట్టినదానికి అది చాలా తక్కువ. కానీ స్టేషన్ కాగితంలో తోపులాట అని ఉన్నది తప్పని కోర్టు చెప్పింది. ఆ కుటుంబం ఫోటోలు మళ్ళీ మా దగ్గరికి రాలేదు. అయ్యగారు నన్ను పనిలోంచి తీసెయ్యలేదు గానీ ఒక ఏడాది పాటు నాతో నవ్వుతూ మాట్లాడలేదు కూడా.

ఆ తర్వాత ఎన్నో వందల ఫిల్ములు కడిగాను. నాకు తెలిసిందొకటే. మందు ఏది, నీళ్ళు ఎన్ని అనే లెక్క ఎవరో ఒకరి ముఖాన్ని మనసులో పెట్టుకునే పుడుతుంది. మా స్టూడియో లెక్క తెల్లగా కనపడాలనుకున్నవాళ్ళ కోసం పుట్టింది. అందరికీ అదే వాడితే కొందరు ఫోటోలో ఉండి కూడా ఉండరు. తప్పు చేయాలని ఎవరూ అనుకోకపోయినా తప్పు జరిగిపోతుంది. అందుకని ఆ రోజు నుంచి ఫిల్ము తీసుకునే ముందు ఇందులో ఎవరున్నారు, ఎక్కడ తీశారు అని అడిగేదాన్ని. విసుక్కున్నా అడిగేదాన్ని.

ఇక ఫోటోలు తీసిన మర్నాడు, బుధవారం పొద్దున ఏం చేశానో చెప్పి ఆపుతాను. ప్రింట్లు ప్లీడరుకి మాస్టారు తీసుకెళ్తారు, నాకు పనేమీ లేదు. అయినా తెల్లారగానే మొదటి బస్సుకి కరుణమ్మ ఊరు వెళ్ళాను. తన వీపు తను చూసుకోలేదు కదా, తనకంటే ముందు కోర్టువాళ్ళు చూడటం నాకు నచ్చలేదు. ఆమె ఫోటో ఒళ్ళో పెట్టుకుని వేలితో ఒక్కో చారా తాకుతూ వెళ్ళింది.

"తొమ్మిది," అంది. "నేను ఆరు దాకే లెక్కపెట్టా. తర్వాత తెలీలేదు."

"ఇష్టం లేకపోతే చింపేద్దాం," అన్నాను.

"చింపేదేంటి? నేనే పట్టుకెళ్తా. బావగారి చేతికి ఎందుకు? నా వీపేగా. నువ్వూ రా అక్కా."

ఇద్దరం పేట వచ్చి, బస్టాండులో నందిగామ బస్సు ఎక్కి కూర్చున్నాక చూస్తే, రోడ్డుకి అవతల అయ్యగారు స్టూడియో మెట్ల మీద నిలబడి ఉన్నారు. తాళంచెవి నా కొంగున ఉండిపోయింది. కిటికీలోంచి పిలిచాను. ఆయన రోడ్డు దాటి వచ్చి తాళంచెవి తీసుకున్నారు. కరుణమ్మ ఒళ్ళో కవరు చూశారు.

"నెగటివ్ ఏదీ?"

"లోపలే ఉందండి."

"అది లేకపోతే ఎవడు నమ్ముతాడే!" అని వెనక్కి తిరిగారు. పంచె ఎగ్గట్టి పరుగెత్తడం ఆయన్ని నేను చూసింది అప్పుడొక్కసారే. కండక్టరు రెండుసార్లు విజిలేశాడు. కరుణమ్మ లేచి, "ఆపయ్యా, పెద్దాయన వస్తన్నాడు," అని కేకేసింది. ఆయన రొప్పుకుంటూ వచ్చి, పల్చటి కాగితంలో చుట్టిన ఫిల్ము ముక్క కిటికీలోంచి అందించారు.

వేలిముద్ర పడకుండా రెండు అంచులూ పట్టుకుని అందుకున్నాను. నందిగామ దాకా అలాగే పట్టుకున్నాను.